ఎడమకాలి బొటనవేలు

ఆ డిసెంబరులో నేనూ మా ఆడపడుచు ఫ్వెన్సాంతా ముర్సియా పట్నానికి ఆరుసార్లు వెళ్ళాం. ఆరుసార్లూ బస్సులోనే. మా అల్కెరియాస్ నుంచి ఆ బస్సు నిమ్మతోటల మధ్య మెలికలు తిరుగుతూ, ఎవరు చెయ్యెత్తినా ఆగుతూ, ముప్పావుగంట తీసుకుంటుంది. నాకు డెబ్బై ఒకటి, ఆమెకు అరవై తొమ్మిది. నా మోకాళ్ళు పనిచెయ్యవు, ఆమె కళ్ళు పనిచెయ్యవు. మీ ఇద్దరినీ కలిపితే ఒక మంచి మనిషి తయారవుతుంది అనేవాడు మా ఆయన హినెస్, బతికి ఉన్నప్పుడు.

ఫ్వెన్సాంతా పట్నంలో పెట్టే క్రిస్మస్ బొమ్మల కొలువులన్నీ చూడాలంది. వచ్చే ఏడాదికి తన కళ్ళలో ఎంత వెలుతురు మిగులుతుందో తెలియదంది. కాదనడానికి నోరు రాలేదు. కానీ నేను వెళ్ళింది కొలువుల కోసం కాదు, దీపాల కోసం అసలే కాదు. సంతలో ఒక బాలయేసు బొమ్మ కొనడానికి వెళ్ళాను. ఆ సంగతి ఫ్వెన్సాంతాకు తెలియకూడదు. ఎందుకంటే పోయిన బొమ్మ వాళ్ళమ్మది. పోగొట్టింది నేను.

మా ఇంట్లో డిసెంబరు ఎనిమిదిన బెలెన్ కొలువు, అంటే యేసు పుట్టిన పాక కొలువు పెడతాం. బెండుచెక్కతో కొండలు, వెండికాగితంతో ఏరు, రంపపుపొట్టుతో దారులు, వాటి మధ్య మట్టిబొమ్మలు. మరియమ్మ, జోజప్ప, ఎద్దు, గాడిద అన్నీ ఆ రోజే పాకలోకి వస్తాయి. తొట్టి మాత్రం ఖాళీగా ఉంటుంది. పుట్టనివాణ్ణి ముందే పడుకోబెట్టరు కదా. ఇరవై నాలుగో తేదీ రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళు బాబును తెచ్చి గడ్డి మీద పెట్టాలి. అప్పటిదాకా బాబును దాచడం హినెస్ పని. ఏడాదికో చోట దాచేవాడు. ఒకసారి బియ్యపు డబ్బాలో, ఒకసారి కాఫీ కెటిల్లో, ఒకసారి నా చర్చి చెప్పుల్లో. మా మనవరాలు ఆల్బా పుట్టాక ఇది మరీ ఎక్కువైంది. ఆ పిల్ల ఇల్లంతా గాలించేది, ఆయన వెనకాలే తిరుగుతూ నవ్వేవాడు.

పోయిన ఏడాది కూడా దాచాడు. "ఈసారి వాడికి చలి తగలదులే" అని ఆల్బాతో అన్నాడు. ఇరవై ఒకటో తేదీ పొద్దున నిమ్మచెట్ల కిందికి వెళ్ళి మళ్ళీ లేవలేదు.

ఆ పండగ ఎలా గడిచిందో నాకు గుర్తులేదు. కొలువు మీద ఎవరో దుప్పటి కప్పారు. ఫిబ్రవరిలో ఆయన కార్డురాయ్ కోటూ, స్వెట్టర్లూ మూటగట్టి చర్చి పాతబట్టల గదిలో ఇచ్చాను. మార్చిలో దుప్పటి తీసి బొమ్మలను ఒక్కొక్కటే కాగితంలో చుడుతుంటే బాబు లేడు. బియ్యపు డబ్బా చూశాను. కెటిల్ చూశాను. చెప్పులు, మందుల పెట్టె, కుట్టుమిషను సొరుగు, పావురాల గూడు. అప్పుడు ఆయన మాట గుర్తొచ్చింది. చలి తగలనిది ఎక్కడ? కోటు జేబులో.

పాతబట్టల గదికి మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి అక్కడి ఆవిడ విసుక్కుంది.

"ఆ సంచులు లారీలో వెళ్ళిపోయి నెలయింది, అమ్మా. జేబులు చూసుకుని ఇవ్వాలి కదా."

"చూసుకునే ఓపిక లేక ఇచ్చాను" అన్నాను. నిజమే చెప్పాను.

ఫ్వెన్సాంతాకు మాత్రం చెప్పలేదు. ఆమెకు పెళ్ళి లేదు, పిల్లలు లేరు. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక్కతే ఉంటుంది. ఆ బాబు ఎడమకాలికి బొటనవేలు లేదు. నాలుగేళ్ళప్పుడు తీపి బొమ్మ అనుకుని ఫ్వెన్సాంతా కొరికేసింది. వాళ్ళమ్మ కొట్టిందట, తర్వాత జీవితాంతం అదే చెప్పుకుని నవ్విందట. కళ్ళు మసకబారినప్పటి నుంచీ ప్రతి పండగకీ ఆమె బాబును చేతిలోకి తీసుకుని, ఆ కాలిని తన చేతి బొటనవేలితో తడిమి, "నేనే, నేనే కొరికాను" అనేది. అంత తెలిసినదాన్ని ఎలా మోసం చెయ్యాలో నాకు తెలియదు. కానీ నవంబరు నెలాఖరున, "ఈ ఏడు కొలువు పెడుతున్నావా, వదినా?" అని ఆమె అడిగినప్పుడు పెడుతున్నాననే అన్నాను.

"పెడతాను. ఆల్బా అడుగుతోంది."

"బాబు?"

"సొరుగులో భద్రంగా ఉన్నాడు."

ఆమె ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. "అలాగా" అంది. నమ్మింది అనుకున్నాను.

*

మొదటిసారి వెళ్ళినరోజే అర్థమైంది, ఇది సులువైన పని కాదని. చెట్ల నడుమ పెద్దదారి పొడుగునా చెక్కకొట్లు పెట్టారు. ఒకదాంట్లో నాచు, ఒకదాంట్లో బెండుచెక్క, ఒకదాంట్లో బియ్యపుగింజంత రొట్టెలు, వేలెడంత బావులు, నిజంగా తిరిగే నీటిచక్రాలు. స్పీకర్లలోంచి అదే పాట, తిరిగి తిరిగి అదే. ఫ్వెన్సాంతా రెండడుగులు వేసి, "వదినా, నాకు బ్లాస్ కొట్టు దగ్గర కుర్చీ ఉంటుంది, నేనక్కడ కూర్చుంటాను. నువ్వు అన్నీ చూసుకుని రా" అంది.

బ్లాస్ బొమ్మలు చేసే ముసలాయన, ఎనభై దాటినవాడు. వాళ్ళ నాన్నే మా బాబును చేశాడు. అందుకే ఆ కొట్టుకు నేను వెళ్ళలేను. అడిగానంటే సాయంత్రానికల్లా ఫ్వెన్సాంతా చెవిన పడుతుంది. ఆమెను అక్కడ దింపి, మిగతా కొట్లన్నీ తిరిగాను.

"బాలయేసు కావాలి" అన్నాను ఒక కొట్టులో.

"ఎంత సైజు?" అంది అక్కడి పిల్ల, ఫోన్లోంచి తలెత్తకుండా.

"అరచెయ్యంత."

"ఎవరి అరచెయ్యి?"

నా చెయ్యి చూపించాను. ఆ పిల్ల స్కేలు పెట్టి కొలిచింది. నా అరచెయ్యి కొలిచినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. తర్వాత తొట్టితో సహా ఒక బాబును తీసి పెట్టింది. కింద మీట నొక్కితే తల చుట్టూ దీపం వెలిగింది.

"తొట్టి లేకుండా కావాలి. విడిగా."

"విడిగా ఎందుకు?"

"ఇరవై నాలుగుదాకా దాచాలి కదా."

"తొట్టితో సహా దాచెయ్యండి, అమ్మమ్మా. ఇప్పుడందరూ అంతే."

"అంతవరకూ పాకలో ఏం ఉంటుంది మరి? మరియమ్మ నేల వంక చూస్తూ కూర్చుంటుందా?"

ఆ పిల్ల ఆలోచించింది. "నేనెప్పుడూ అలా ఆలోచించలేదు" అంది. మంచి పిల్లే. కానీ ఆమె దగ్గర విడి బాబు లేడు.

మరో కొట్టులో విడిగా ఉన్నాడు గానీ పాలరాతి రంగులో చల్లగా, నున్నగా ఉన్నాడు. ఇంకో చోట రెండు చేతులూ పైకెత్తి పోలీసును చూసినట్టు పడుకున్నాడు. మా బాబు కుడిచెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకుంటాడు. అలాంటివాడు ఎక్కడా లేడు. ఉంటే వేలు నేనే విరిచేదాన్ని. చేతిసంచిలో సన్నమూతి పట్టకారు కూడా వేసుకుని తిరిగాను. ఆ పట్టకారు బరువు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తిరుగుబస్సులో ఇద్దరం బూట్లు విప్పేశాం.

"బ్లాస్‌తో అంతసేపు ఏం మాట్లాడతావే?" అన్నాను.

"పాత కబుర్లు."

"ఆ వయసులో కొత్తవేం ఉంటాయిలే. పెళ్ళెప్పుడు?"

"నోరుముయ్, వదినా. డ్రైవరు వింటున్నాడు."

"విననీ. పెళ్ళికి బస్సు అతనే తోలతాడు."

ఆమె నవ్వలేదు. సిగ్గుపడుతోంది అనుకున్నాను.

*

మూడోసారి వెళ్ళినప్పుడు ఫ్వెన్సాంతా ఒక కొత్త తొట్టి కొంది. పాతదాని కాళ్ళు పురుగు తినేసింది. చిన్న చెక్కతొట్టి, లోపల నిజమైన వరిగడ్డి. దాన్ని కాగితంలో చుట్టించుకోకుండా చేత్తోనే పట్టుకుని నడిచింది. పెద్దచర్చి ముందు నాపరాళ్ళ మీద పాటగాళ్ళ గుంపు ఒకటి ఉంది. గిటార్లు, డప్పు, ఇత్తడి తాళాలు. ముందు నిలబడినవాడు వచ్చేపోయేవాళ్ళ మీద అప్పటికప్పుడు పదం కట్టి పాడతాడు, మిగతావాళ్ళు చివరి మాట అందుకుంటారు. మమ్మల్ని చూశాడు. మేం తప్పుకునే లోపలే ఎత్తుకున్నాడు.

"కుంటుకుంటూ ఒకమ్మ, తడుముకుంటూ ఒకమ్మ,
గడ్డి తెచ్చిరి, తొట్టి తెచ్చిరి, బాబునెక్కడ దాచిరమ్మ!"

"దాచిరమ్మ, దాచిరమ్మ!" అని గుంపంతా అరిచింది. జనం నవ్వుతూ చప్పట్లు కొట్టారు. అదే క్షణాన ఫ్వెన్సాంతా గోళ్ళు నా మోచేతిలో దిగాయి. ఎర్రగా నాలుగు గీతలు పడ్డాయి. జనం నవ్వారని బాధపడింది అనుకుని, "పోనీలేవే, వాడికి అదే పని" అన్నాను.

"పోదాం పద" అంది. "కాళ్ళు లాగుతున్నాయి."

లాగేవి నా కాళ్ళు. ఆమె కాళ్ళు బాగానే ఉంటాయి.

నాలుగోసారి బిషప్పు గారి భవనంలో కొలువు చూడటానికి గంటన్నర లైన్లో నిలబడ్డాం. ముందు పిల్లల బళ్ళు, వెనక పిల్లల బళ్ళు. లోపలికి వెళ్ళాక ఆమెకు ఏమీ కనిపించలేదు. అన్నీ నేనే చెప్పాలి. నా మోకాళ్ళు అప్పటికే వేరేవాళ్ళవి అయిపోయాయి.

"ఏముంది అక్కడ?"

"పందిని కోస్తున్నారు."

"రక్తం పట్టే గిన్నె ఉందా?"

"ఉంది. ఒకామె కలుపుతోంది కూడా."

"పక్కన?"

"కాలవ. బట్టలుతుకుతున్నారు. ఒకడు గోడ వెనకాల దొడ్డికి కూర్చున్నాడు."

"అది లేకపోతే కొలువేంటి. బాబును చూడొచ్చే ముగ్గురు రాజులు?"

"ఎక్కడో కొండ మీద ఉన్నారు. ఇంకా చాలా దూరం నడవాలి."

"పాపం. తొట్టి?"

"ఖాళీ."

ఆమె ఊపిరి వదిలింది. "ఖాళీగానే ఉండాలి కదా" అంది, ఎవరితోనో వాదిస్తున్నట్టు.

"నడవండమ్మా, మేమూ చూడాలి" అన్నారు వెనకవాళ్ళు.

ఇరవై ఒకటిన మా ఆయన సంవత్సరం పూజ చేయించాం. చర్చిలో ఫ్వెన్సాంతా నా పక్కనే కూర్చుంది. నా చెయ్యి పట్టుకోబోయి మానేసింది, రెండుసార్లు. నేను చూశాను. నా పాపం నాకు కనిపిస్తుంటే ఆమె చెయ్యి ఎందుకు ఆగిందో ఆలోచించే ఓపిక లేదు. రెండు రోజుల్లో మా అమ్మాయి నియెవెస్, ఆల్బా వస్తారు. మూడు రాత్రుల్లో ఆ పిల్ల ఇల్లంతా గాలిస్తుంది. ఏమీ దొరకదు. అప్పుడు ఫ్వెన్సాంతా ముందు నేను నోరు విప్పాలి.

*

ఇరవై రెండున అయిదోసారి బస్సెక్కాం. ఆ రోజు దేశమంతటికీ పండగ లాటరీ తీసే రోజు, గెలిచిన నంబర్లు బడిపిల్లలు పాడి చెబుతారు. ప్రతి కాఫీ బారులోంచీ రేడియోలో పిల్లల గొంతులు అంకెలు పాడుతున్నాయి. ఆ రాగం వింటే నిద్రొస్తుంది, నిద్ర రాకపోతే ఏడుపొస్తుంది. ఇక దారి లేదు, బ్లాస్‌నే అడగాలి అనుకున్నాను. ఆయన ఫ్వెన్సాంతాతో చెబితే చెప్పనీ.

ఆమె బాదంపప్పు బిళ్ళల కొట్టు ముందు లైన్లో నిలబడుతుందట. ఆల్బాకు అవంటే ప్రాణం. "లైన్ పొడుగ్గా ఉంది, నువ్వు నిలబడలేవు, ఎక్కడైనా కూర్చో, వదినా" అంది. నన్ను పంపించెయ్యాలని తొందరపడుతున్నట్టు అనిపించింది. నాకూ అదే కావాలి. సరేనని వచ్చేశాను.

బ్లాస్ కొట్టు వరసలో చివరిది. బల్ల వెనక కంబళి కప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే లేవబోయి మానేశాడు.

"రామ్మా, కాసిల్దా. హినెస్ పోయి అప్పుడే ఏడాది."

"ఏడాది, బ్లాస్ గారూ. మీతో ఒక పని ఉండి..."

"తెలుసు, తెలుసు." ఆయనకు చెవులు సరిగా వినిపించవు. బల్ల కిందికి వంగి, మూలుగుతూ, న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం తీశాడు. "నిన్ను పంపి మంచిపని చేసింది. ఆ కళ్ళతో తనే మోసుకెళితే మెట్ల దగ్గర పడేసేది. తీసుకో. నిన్న సాయంత్రమే రంగు ఆరింది."

ఏదో పొరపాటు పడ్డాడని తెలుస్తూనే ఉంది. అయినా చెయ్యి చాపాను. కాగితం విప్పాను.

మా బాబే. కుడిచెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకున్నాడు. మెడ దగ్గర అదే మడత. ఎడమకాలికి బొటనవేలు లేదు.

"మా నాన్న అచ్చులోంచే తీశాను" అంటున్నాడు బ్లాస్. "అచ్చు రెండు ముక్కలైంది, తీగ చుట్టి పోశాను. మూడుసార్లు పాడైంది. ఆమె వచ్చి అడిగినప్పుడల్లా రేపు రా, రేపు రా అంటుంటే నాకే సిగ్గేసింది. వేలు మాత్రం పచ్చిగా ఉన్నప్పుడే విరిచాను. అంత బాగా వచ్చిన వేలును విరవాలంటే చేసినవాడికి ఎలా ఉంటుందో తెలుసా? ఎడమా, కుడా అని మూడుసార్లు అడిగాను."

"ఎప్పుడు చెప్పింది మీకీ పని?" అని ఆయన చెవి దగ్గర అరిచాను.

"నవంబరులో. చనిపోయినవాళ్ళ పండగ మర్నాడు."

అంటే నన్ను అడగకముందే. సొరుగులో ఉన్నాడని నేను అనకముందే. నేను ఇవతలి కొట్లన్నీ పట్టకారుతో తిరుగుతున్న రోజుల్లో ఆమె ఇక్కడ కుర్చీలో కూర్చుని, అయిందా లేదా అని అడుగుతోందన్నమాట.

ఆ కుర్చీలోనే కూలబడ్డాను. బ్లాస్ మంచినీళ్ళిచ్చాడు. ఎక్కడో రేడియోలో పిల్లలు అంకెలు పాడుతూనే ఉన్నారు.

*

నారింజచెట్టు కింద బెంచీ మీద కూర్చుని ఉంటే ఫ్వెన్సాంతా వచ్చింది, ఒక చేతిలో బిళ్ళల పెట్టె, ఇంకో చేత్తో గోడను తడుముకుంటూ.

"ఇక్కడున్నావా? నేనలా బ్లాస్ దగ్గరికి వెళ్ళి..."

"కూర్చో."

నా గొంతు విని కూర్చుంది. పొట్లం ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె వేళ్ళు కాగితం మీద ఒకసారి కదిలి ఆగిపోయాయి. విప్పనవసరం లేకపోయింది.

"మా బాబు ఎక్కడున్నాడు, ఫ్వెన్సాంతా?"

ఎదురుగా ఒక పిల్లవాడు బుడగ వదిలేసి ఏడుస్తున్నాడు. వాళ్ళమ్మ ఇంకొకటి కొనలేనని చెబుతోంది.

"అన్నయ్య దగ్గర" అంది చివరికి.

ఆయన పోయిన రోజు నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. అల్మారాలోంచి ఆయన సూటు తెచ్చిందీ, ఆయనకు తొడిగిందీ ఫ్వెన్సాంతానే. పెళ్ళిళ్ళకు తప్ప వేసుకోని సూటు. గుండీలు పెడుతుంటే లోపలి జేబులో ఏదో తగిలిందట.

"చెయ్యి పెట్టాను. ముందు తల తగిలింది, తర్వాత కాలు తగిలింది. వేలు లేని కాలు. నాకు అర్థమైంది, వదినా. చలి తగలదన్నాడు కదా. తీద్దామనుకున్నాను, ఒట్టు. ఇంతలో శవపేటిక తెచ్చినవాళ్ళు తలుపు తీసి, 'అయిందా, అమ్మా?' అన్నారు. అయింది అన్నాను."

"అయింది అన్నావు."

"అదే నోట్లోంచి వచ్చింది."

"తర్వాతైనా నాకు చెప్పొచ్చు కదా."

"సమాధి మూసేశాక ఏమని చెప్పను? తెరిపిస్తావని భయపడ్డాను."

"నేనా?"

"నువ్వే. ఆల్బా కోసమైతే తెరిపిస్తావు."

కాదనబోయాను. కానీ ఆమె నన్ను నలభై ఆరేళ్ళుగా చూస్తోంది.

"పాతబట్టల గదికి మూడుసార్లు వెళ్ళానే" అన్నాను. "లారీ ఎటు వెళ్ళిందో కూడా అడిగాను. ఏడాదంతా నన్ను నేను దొంగలా చూసుకున్నాను. రాత్రులు లేచి కూర్చుని ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను, మీ అమ్మ బొమ్మ పోగొట్టానని. ఆయనేమో దాన్ని జేబులో పెట్టుకుని పడుకున్నాడు. నువ్వేమో రెండిళ్ళ అవతల పడుకున్నావు."

"పడుకోలేదు, వదినా. సొరుగులో భద్రంగా ఉన్నాడు అన్నావే, అప్పటినుంచీ అసలు నిద్రలేదు. ఏ సొరుగు? ఎవరు? నా వేళ్ళే పొరబడ్డాయా, ఆ జేబులో ఉన్నది వేరే ఏదోనా అని. అయినా నువ్వెందుకు అబద్ధమాడావు?"

"నువ్వు నన్ను క్షమించవని."

"నేనా?"

"నువ్వే."

కోపం తెచ్చుకోడానికి కూడా ఓపిక ఉండాలి. నా దగ్గర ఉన్న ఓపికంతా నాపరాళ్ళ మీదా, లైన్లలోనూ అయిపోయింది. లేకపోతే ఆ పెట్టె తీసుకుని నేలకేసి కొట్టేదాన్ని. బదులుగా మూత తీసి ఒక బిళ్ళ నోట్లో వేసుకున్నాను. బాదం, లోపల గుమ్మడికాయ తీపి, అడుగున పలచటి అప్పం. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు.

"అయితే బ్లాస్‌తో పెళ్ళి లేదన్నమాట" అన్నాను.

"లేదు."

"కొత్త బూట్లు కొనుక్కుందామనుకున్నాను."

అప్పుడు ఏడ్చింది. శబ్దం లేకుండా, కళ్ళద్దాలు తియ్యకుండా. నేను ఊరుకోబెట్టలేదు. ఏడాదంతా నన్నెవరూ ఊరుకోబెట్టలేదు. ఆమె ఏడవడం అయ్యాక ముక్కు చీదుకుని, పొట్లం విప్పి, బాబును బయటికి తీసింది. వేళ్ళతో తలనుంచి కాలిదాకా వచ్చి, వేలు లేని చోట ఆగింది.

"బాగా చేశాడు" అంది. "నువ్వు రాకపోయి ఉంటే రేపు నీ సొరుగులో పెట్టేసేదాన్ని. నీకు తెలిసేది కాదు."

"తెలిసేది. సొరుగులో ఏమీ లేదని నాకు తెలుసు కదా."

"దేవుడు పెట్టాడు అనుకునేదానివి."

"దేవుడు బ్లాస్ దగ్గర కొంటాడా?"

బాబును ఆమె చేతిలోంచి తీసుకుని చూశాను. రంగు కొత్తది, బుగ్గలు మరీ ఎర్రగా ఉన్నాయి. బ్లాస్ చెయ్యి వణికిన చోట కనుబొమ్మ కాస్త పక్కకు జరిగింది. విరిగిన చోట మాత్రం ముడిమట్టి రంగు పూసి, ఏళ్ళ కిందట విరిగినట్టు చేశాడు.

"వేలు పెట్టిద్దాం" అన్నాను.

"ఎందుకు?"

"ఇది నువ్వు కొరికింది కాదు. నువ్వు కొరికినవాడు ఆయన దగ్గర ఉన్నాడు. ఉండనీ, ఎవరూ తెరవరు. వీడు నిన్న పుట్టాడు. వీడి కాలు ఎందుకు విరగాలి?"

"అమ్మ బాబు అని ఆల్బాకు చెప్పలేం మరి."

"చెప్పం. తాతయ్య జేబులో ఉన్నాడని చెబుతాం."

"ఏడుస్తుంది."

"ఏడవనీ. తర్వాత గర్వపడుతుంది. తాతయ్య దాచింది ఎవరికీ దొరకలేదని."

ఫ్వెన్సాంతా చెయ్యి మళ్ళీ ఆ కాలు దగ్గరికి వెళ్ళింది. నేను అడిగింది చిన్న సంగతి కాదు. ఆ ఖాళీ ఒక్కటే ఈ పండగలో ఆమెకు చేతికి దొరికేది. మిగతాదంతా ఆమెకు ఇప్పుడు మసక వెలుతురు, ఎవరో చెబితే వినేది. చాలాసేపు వేలు అక్కడే పెట్టి ఉంచింది.

"అంత దూరం మళ్ళీ నడవాలి" అంది. "వరస చివరికి."

"నడుద్దాం."

బ్లాస్ మా ఇద్దరి మాటా విని తల పట్టుకున్నాడు.

"ఒకటే బొమ్మ, ఇద్దరాడవాళ్ళు! ఒకరు విరవమంటారు, ఒకరు అతకమంటారు. రేపు ఇంకొకరొచ్చి తోక పెట్టమంటారా?"

"వేలు చాలు" అంది ఫ్వెన్సాంతా.

"కాల్చిన మట్టి, అమ్మా. ఇప్పుడు కొత్త మట్టి పట్టదు. ముద్ద పెట్టి అతికి రంగు వెయ్యాలి. రేపు మధ్యాహ్నం రండి."

"మళ్ళీ బస్సా?" అన్నాను.

*

ఇరవై మూడున ఆరోసారి. సంతలో జనం ఎక్కువయ్యారు. దారిపొడుగునా భుజాలు తగులుతున్నాయి. గుండ్రటి కూడలిలో ఇనుప దీపాలచెట్టు పట్టపగలు వెలగకుండా నిలబడి ఉంది, ఎండలో తీగలన్నీ బయటపడి. పెద్దచర్చి ముందు అదే పాటగాడు ఉన్నాడు. మమ్మల్ని గుర్తుపట్టి నోరు తెరవబోతే, "ఇవాళ కాదు బాబూ, మోకాళ్ళు" అన్నాను. టోపీ తీసి పక్కకు జరిగాడు.

బ్లాస్ పొట్లం కట్టి సిద్ధంగా ఉంచాడు. ఫ్వెన్సాంతా అక్కడ విప్పలేదు. బస్సు కదిలి, ఇళ్ళు అయిపోయి, నిమ్మతోటలు మొదలయ్యాక, బూట్లు విప్పి, కాగితం విప్పింది. చేతి బొటనవేలితో బాబు కాలి మీద మెల్లగా జరిగి, ఖాళీ ఉండాల్సిన చోటికి వచ్చింది. ఆమె ముఖం చూడకూడదనుకున్నాను, కానీ చూశాను.

"ఉంది" అంది.

"ఉంటుంది."

"మిగతా వేళ్ళకంటే లావుగా ఉంది."

"ఆయన చెయ్యి వణుకుతోంది కదా."

"ఇంకా కొంచెం జిగటగా ఉంది." వేలు చూసుకుంది, చూడలేనిదాన్ని చూస్తున్నట్టు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని. చర్మం రంగు కాస్త అంటుకుంది. తుడుచుకోలేదు. "రేపు రాత్రిదాకా ఎక్కడ దాచుదాం?"

"దాచద్దు. నా వల్ల కాదు. మా బల్ల మీద పెట్టి గిన్నె బోర్లిద్దాం."

"ఆల్బా వెంటనే కనిపెట్టేస్తుంది."

"కనిపెట్టనీ. ఒక్క ఏడాదైనా తేలిగ్గా దొరకనీ."

ఆమె బాబును మళ్ళీ చుట్టకుండా, సగం తన ఒళ్ళో, సగం నా ఒళ్ళో ఉండేలా పెట్టుకుని చెయ్యి అడ్డం పెట్టింది. మలుపు తిరిగినప్పుడు నేనూ చెయ్యి అడ్డం పెట్టాను. నా సంచిలో పట్టకారు ఇంకా ఉంది, బస్సు ఊగినప్పుడల్లా సీటుకు తగిలి చప్పుడు చేస్తోంది.

"మన స్టాపు దాటిపోలేదు కదా, వదినా?"

"లేదు. ఇంకా చాలా ఉంది. పడుకో, నేను లేపుతాను."

కానీ ముందు నాకే కళ్ళు మూతలు పడ్డాయి.